నీటికుక్కల బెడద: తుపాకీ కాదు, జాలీ

ప్రశ్న: హాలియా దగ్గర రెండెకరాల్లో చేపల చెరువు వేసినం. నీటికుక్కలు పడి కిలో దాటిన బొచ్చె, రవ్వల్ని తినిపోతున్నయి. స్కాట్లాండ్‌ల లైసెన్సు తీసుకొని సీళ్లను (చేపలు తినే సముద్ర జంతువుల్ని) కాల్చేటోళ్లట. మాకూ అట్ల పర్మిషన్ దొరుకుతదా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ఆ ఆశ వదులుకోండి. చేపల పెంపకం కోసం సీళ్లను కాల్చే లైసెన్సులు స్కాట్లాండ్‌లోనే 2021 ఫిబ్రవరి 1 నుంచి రద్దయ్యాయి. ఇక్కడ నీటికుక్క 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. చంపితే కనీసం మూడేళ్ల జైలు.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి. గట్టు మీద సగం కొరికిన పెద్ద చేప, పొలుసులూ ముళ్లూ కలిసి నీచువాసన కొట్టే పెంట ఉంటే నీటికుక్కే. పట్టపగలు చేపపిల్లలు తగ్గుతుంటే నీటికాకులను అనుమానించాలి. వాటికి కంచె దండగ, చెరువు మీద అడుగున్నర ఎడంతో తాళ్లు కట్టాలి.

నీటికుక్కకు ఐదడుగుల చైన్‌లింక్ జాలీ వేయండి, కన్ను రెండంగుళాలు మించొద్దు. అసలు పని అడుగునే ఉంది. జాలీని అడుగు లోతు పాతి, ఇంకో అడుగు బయటివైపుకు మడిచి మట్టి కప్పాలి. లోపలికి మడిస్తే లాభం లేదు, అది తవ్వేది బయట కంచె మొదట్లోనే. తూములకూ పైపులకూ ఇనుప జాలీ బిగించండి. చాలామంది మరిచేది ఇదే! దానికి పట్టిన చెత్త వారానికోసారి తీయకపోతే వానల్లో నీళ్లు ఎగదన్ని గట్టుకే ఎసరు.

సోలార్ ఫెన్సింగ్ పెట్టినా ఎనర్జైజర్‌తోనే (తీగకు ఆగి ఆగి చిన్న షాక్ పంపే పెట్టె) పెట్టాలి, లైన్ కరెంటు నేరుగా ఇవ్వడం నేరం, మనుషులే పోతారు. అరడుగు, అడుగు ఎత్తుల్లో రెండు తీగలు చాలు. గడ్డి తగిలితే షాక్ పలచబడుతుంది, కోస్తూ ఉండండి.