ఓట్లు ఎక్కువొచ్చినా డెలిగేట్లు తక్కువెందుకు?

ప్రశ్న: 2008లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు డెమొక్రటిక్ పార్టీ టికెట్ కోసం ఒబామా, హిల్లరీ క్లింటన్ తలపడ్డారు. ఎక్కువ ఓట్లు తనకే వచ్చాయని హిల్లరీ వర్గం వాదించింది. అయినా టికెట్ ఒబామాకే దక్కింది. ఇదెలా?

జవాబు: రాష్ట్రాల్లో పార్టీ అభ్యర్థి ఎంపికకు పడే ఓట్లు టికెట్‌ను నేరుగా తేల్చవు. ఆ ఓట్లు డెలిగేట్లను, అంటే పార్టీ మహాసభకు వెళ్లే ప్రతినిధులను తెచ్చిపెడతాయి. పార్టీ మహాసభలో సగానికి మించి డెలిగేట్ల మద్దతు ఎవరికుంటే టికెట్ వారిదే.

డెమొక్రాట్లు రాష్ట్రానికి దక్కిన డెలిగేట్లలో ఎక్కువ భాగాన్ని నియోజకవర్గాలవారీగా, మిగతావాటిని రాష్ట్రమంతటి ఓట్లను బట్టి పంచుతారు. కనీసం 15 శాతం ఓట్లు రానివారికి డెలిగేట్లేమీ రారు. వారి ఓట్లు పక్కన పెట్టి, మిగిలినవారి మధ్య శాతాలు మళ్లీ లెక్కగడతారు.

అసలు కిటుకు ఆ తర్వాతి లెక్కలో ఉంది. నాలుగు డెలిగేట్లున్న నియోజకవర్గంలో ఒకరికి 60 శాతం, ఇంకొకరికి 40 శాతం వచ్చాయనుకోండి. వాటాలు 2.4, 1.6 అవుతాయి. ముందు పూర్ణాంకాల ప్రకారం 2, 1 ఇస్తారు. మిగిలిన ఒక్క డెలిగేటు ఎవరి భిన్నం పెద్దదైతే వారికి వెళ్తుంది, అంటే ఓడినవారికి! ఫలితం 2-2. ఇరవై శాతం ఆధిక్యానికి ఒక్క డెలిగేటు కూడా అదనంగా రాలేదు. ఇక్కడ 3-1 కావాలంటే 62.5 శాతం దాటాలి. అదే ఐదు డెలిగేట్లున్న చోట 51-49 వచ్చినా వాటాలు 2.55, 2.45 కాబట్టి 3-2తో గెలుస్తారు. అందుకే పోటీ గట్టిగా ఉన్నప్పుడు తెలివైన ప్రచార బృందం బేసి సంఖ్య ఉన్న నియోజకవర్గాల మీద డబ్బు, మనుషుల్ని ఎక్కువగా పెడుతుంది.

2008 ఫిబ్రవరి 5 ఫలితాలే చూడండి. న్యూజెర్సీలో పది లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. హిల్లరీ గెలిచి 59-48తో 11 డెలిగేట్ల ఆధిక్యం తెచ్చుకున్నారు. అదే రోజు ఐడహో కాకస్‌కు (ఓటర్లు సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) వచ్చినవారు సుమారు 21 వేలమంది. అక్కడ ఒబామా దాదాపు 80 శాతంతో 15-3గా, అంటే 12 డెలిగేట్ల ఆధిక్యంతో బయటపడ్డారు. చిన్న రాష్ట్రంలో భారీ గెలుపు, పెద్ద రాష్ట్రంలో ఓ మోస్తరు గెలుపును మించిపోయింది. ఒబామా బృందం కాకస్ రాష్ట్రాలను వదలకుండా పనిచేసిన ఫలితం అది.

ఇక మొత్తం ఓట్ల సంగతి. ఆ ఏడాది దేశమంతటికీ అందరూ ఒప్పుకునే ఒక్క లెక్క లేదు. అయోవా, నెవాడా, మెయిన్, వాషింగ్టన్ కాకస్‌లలో ఎవరికెన్ని ఓట్లో అధికారికంగా ప్రకటించలేదు. మిషిగాన్ బ్యాలెట్‌పై ఒబామా పేరే లేదు. మిషిగాన్‌ను కలిపి అక్కడ ఒబామాకు సున్నా వేస్తే హిల్లరీ ముందుంటారు, తీసేస్తే ఒబామా ముందుంటారు. ఇలాంటి మొత్తాన్ని ప్రజాతీర్పు అనడం సరికాదు.

ప్రశ్న: రిపబ్లికన్లలోనూ ఇదే పద్ధతా?

జవాబు: కాదు. వారిలో పార్టీ గీసిన హద్దుల్లో పంపకం ఎలాగో రాష్ట్రాలే ఎంచుకుంటాయి. 2016లో సౌత్ కరోలినాలో ట్రంప్‌కు వచ్చింది 32.5 శాతమే. కానీ రాష్ట్రంలోనూ, ఏడు నియోజకవర్గాల్లోనూ మొదటి స్థానం ఆయనదే కాబట్టి 50 డెలిగేట్లూ ఆయనకే వెళ్లాయి. పోటీదారులు ఎక్కువగా ఉండి ఓట్లు చీలితే ఈ పద్ధతి ముందున్నవారికి వరం.

ప్రశ్న: డెలిగేట్లు గెలుచుకున్నాక అభ్యర్థి తప్పుకుంటే?

జవాబు: ఆ ఓట్లు ఇంకొకరికి వాటంతటవే బదిలీ కావు. 2024 జులై 21న బైడెన్ తప్పుకోగానే ఆయన డెలిగేట్లు స్వేచ్ఛ పొందారు. ఆగస్టులో ఆన్‌లైన్‌లో ఓటేసి కమలా హారిస్‌ను అభ్యర్థిగా ఎన్నుకున్నారు. ఎవరినీ బలవంతంగా ఆమెకు అప్పగించలేదు, ఎవరికి వారే మద్దతు తెలిపారు. పార్టీ నాయకుల హోదాలో వచ్చే సూపర్ డెలిగేట్లు మాత్రం 2018లో తెచ్చిన మార్పు ప్రకారం, గట్టి పోటీ ఉంటే తొలి రౌండులో ఓటేయరు. ఎవరికీ మెజారిటీ రాక రెండో రౌండు జరిగితేనే వారి ఓటు లెక్కలోకి వస్తుంది. 1952 తర్వాత రెండు పార్టీల్లోనూ రెండో రౌండు అవసరం పడలేదు.