గట్టు మీది పొడుగుకాళ్ల పురుగు ఉల్లికోడు దోమేనా?

ప్రశ్న: కొబ్బరితోటను ఆనుకుని ఎకరంన్నరలో సార్వా వరి వేశాను. వారం నుంచి బోదె గట్టు మీద, రాత్రిళ్లు వాకిట్లో లైటు దగ్గర పెద్ద దోమల్లాంటివి వాలుతున్నాయి. కాళ్లు బాగా పొడుగు, తోక చివర ముల్లు ఉంది. ఉల్లికోడు దోమేనని మందుల షాపులో చెప్పారు. ఫోటో పంపాను. ఏ మందు కొట్టాలండీ?
– ఒక రైతు, అమలాపురం దగ్గర

జవాబు: ఇప్పుడే ఏ మందూ కొట్టకండి. మీ ఫోటోలో రెక్కలు మసకగా పడ్డాయి గానీ, ఆ కాళ్లు, సన్నటి ఒళ్లు చూస్తే క్రేన్ ఫ్లై (దోమలా కనిపించే పొడుగుకాళ్ల ఈగ) అనే అనిపిస్తోంది. వరి మొవ్వును పాడుచేసే ఉల్లికోడు దోమ 3, 4 మిల్లీమీటర్లే, అంటే వడ్లగింజలో సగం. ఆడదాని పొట్ట ఎర్రగా ఉంటుంది. పక్కనున్న గడ్డిపరకను బట్టి చూస్తే మీ ఫోటోలోది ఉల్లికోడు దోమకు ఎన్నో రెట్లు ఉంది.

తోక చివర ముల్లు చూసి టెన్షన్ పడకండి. అది కుట్టదు. ఆడ పురుగు దాన్ని తడి మట్టిలో గుచ్చి గుడ్లు పెడుతుంది. మగదానికి తోక మొద్దుగా ఉంటుంది. క్రేన్ ఫ్లై రక్తం పీల్చదు, రెక్కలొచ్చాక బతికేదీ కొద్ది రోజులే. వీటి పిల్లపురుగులు ఎక్కువగా తడి మట్టిలో కుళ్లిన ఆకూ అలమూ తింటాయి. కొబ్బరి మట్టలు పడి నానే బోదె గట్టు వాటికి పుట్టిల్లు లాంటిది. జపాన్‌లో మాత్రం టిపులా ఐనో అనే రకం వరి నారుమళ్లకు చేటు చేస్తుంది. పేరు తేల్చుకోమని అడిగేది అందుకే.

ప్రపంచంలో 15,000కు పైగా క్రేన్ ఫ్లై రకాలున్నాయి. ఏ రకమో చెప్పడానికి రెక్కల ఈనెలు చాలా ముఖ్యం, కాబట్టి ఫోటో మళ్లీ తీయండి. తెల్లవారగానే వెళ్లండి, మంచు తడికి అవి గడ్డిని పట్టుకుని కదలకుండా వేలాడుతుంటాయి. మీ నీడ పడనివ్వకండి. ఫోన్ మరీ దగ్గరగా పెడితే ఫోకస్ కాదు. జానెడు దూరంలో ఆపి, కొద్దిగా జూమ్ చేసి, తెర మీద పురుగును వేలితో తాకండి. గాలికి పరక ఊగుతుంటే కింద రెండు వేళ్లతో పట్టుకోండి. ఫ్లాష్ వద్దు, రెక్కలు మెరిసి ఈనెలు కనబడవు. పురుగును మాత్రం పట్టుకోకండి, కాళ్లు ఇట్టే ఊడిపోతాయి. పైనుంచి ఒకటి తీస్తే వీపు మీద ఇంగ్లీషు ‘వి’ అక్షరం లాంటి గాడి కనిపిస్తుంది. పక్క నుంచి తీస్తే రెక్కల వెనక గుండుసూదుల్లాంటి రెండు బుడిపెలు పడతాయి. తోక చివర విడిగా ఇంకొకటి తీయండి. రాత్రి సున్నం గోడ మీద వాలినప్పుడైతే రెక్కలు ఇంకా బాగా వస్తాయి, పక్కనే గోడకు రూపాయి బిళ్ల ఆనించి తీస్తే సైజు కూడా తెలుస్తుంది.

తొందరపడొద్దని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. దీనికోసం సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొడితే చేలో సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి, వరి రసం పీల్చే ఆ సుడిదోమ ఎగబడుతుంది. దాని దెబ్బ మన డెల్టా రైతుకు కొత్త కాదు.

ఉల్లికోడు అనుమానం తీరాలంటే చేలో దిగి పది చోట్ల దుబ్బులు విడదీసి చూడండి. మొవ్వు ఆకు బదులు ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టం ఉంటే ఆ దుబ్బు ఫోటో తీసి, నాట్లు వేసిన తేదీ, వరి రకం రాసి అదే రోజు పంపండి. అప్పుడు మందు సంగతి చెబుతాను.