నయం కాదన్న మాట: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, దాని ముందుమాట రెండూ చదివాను. రాయాలన్న దురద నీకు నయం కాదని చెప్పుకోవడానికి జువెనల్ వాడిన 'ఇన్సానాబిలిస్' (నయం కానిది) అన్న లాటిన్ మాటను తెచ్చుకున్నావు. అయితే ఆ రోమన్ కవి తన 7వ వ్యంగ్యకవితలో దాన్ని వాడింది మెచ్చుకోలుగా కాదు, ఫలితం దక్కకపోయినా రాత మానుకోలేక ఆ రోగంతోనే ముసలివాళ్లయ్యేవారిని చూసి. ఇదే మాట వాడిన మరో రోమన్ కవి హొరేస్ మరీ నిర్దయుడు. పిచ్చికి మందుగా వాడిన హెలెబోర్ మొక్కకు పేరుమోసిన ఊరు ఆంటిసిరా; అలాంటి ఊళ్లు మూడున్నా కుదర్చలేని తలను మంగలికి అప్పగించకపోతే చాలు, కవి అన్న పేరు దక్కుతుందని వెక్కిరించాడు. ఈ మాటను బిరుదులా తగిలించుకునేవాళ్లను చూస్తే నాకు ఆ పెరిగిన జుట్టే గుర్తొస్తుంది.

వైద్యంలో ఈ మాట కాలాన్ని బట్టి మారుతుంది. వెనిస్‌లో 1522లో నయం కానివారి పేరిటే ఒక ఆసుపత్రి వెలిసింది. సిఫిలిస్ రోగులను అక్కడ చేర్చుకునేవారు. ఆ జబ్బును పెనిసిలిన్ నయం చేస్తుందని 1943లో తేలింది. అంతకుముందు నయం కాదన్న వైద్యులు అబద్ధమాడలేదు, తమ కాలానికి తెలిసింది చెప్పారు. కాథలిక్ చర్చి న్యాయశాస్త్రంలో మాత్రం ఇదే లాటిన్ మాటకు, 'సరిదిద్దరానిది' అన్న అర్థంలో, కచ్చితమైన హద్దు ఉంది: 1983 నాటి కానన్ స్మృతి 1620వ సూత్రం ప్రకారం, న్యాయమూర్తిని బలవంతపెట్టి ఇప్పించిన తీర్పు, కక్షిదారుకు తన వాదన చెప్పుకునే హక్కు ఇవ్వని తీర్పు వంటివి సరిదిద్దరాని లోపంతో చెల్లకుండా పోతాయి.

మనిషి స్వభావానికి అంటగట్టినప్పుడే ఇది భయంకరమవుతుంది. లివీ రాసిన రోము చరిత్రలో తుల్లుస్ హోస్టీలియుస్ రాజు, నమ్మకద్రోహం చేసిన ఆల్బా నగర నాయకుడు మెట్టియుస్‌తో, నీ బుద్ధి నయమయ్యేది కాదు కనుక నీ శిక్షతోనైనా లోకానికి పాఠం చెప్పమని అంటాడు. ఆ వెంటనే అతణ్ని రెండు రథాలకు కట్టించి చీల్పిస్తాడు. గమనించు, లివీ ఆ మాటను రాజు నోటనే పలికించాడు, తాను అనలేదు.

నీ కథలో తాగుబోతు తండ్రిని నయం కానివాడని తేల్చేసింది కథకుడు. అది రెండో పుటలోనే జరిగిపోయింది గనుక, ఆ తర్వాత ఆయన సీసా పక్కన పెట్టిన రాత్రి కూడా పాఠకుణ్ని కదిలించదు. ఆ వాక్యాన్ని కొడుకు చేత, కోపంలో ఉన్నప్పుడు, అనిపించి చూడు. ముందుమాటలోని జువెనల్ పేరాను పూర్తిగా తీసెయ్యి.