ఆరు-ఆరు వద్దు స్వాతీ, ఎనిమిది-నాలుగు చేసుకో

స్వాతీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది, అల్లుడికి మారిషస్ లో ఎబెన్ అనే ఊళ్ళో ఆఫీసు ఖాయమైందంట, మీరేమో ఆరు నెలలు పారిస్ లో ఆరు నెలలు మారిషస్ లో అని లెక్కేసుకుని ఉండారంట, అత్తావాళ్ళు ఇన్నేళ్ళు అట్టనే తిరిగారు గదా ఏం చెయ్యాలో అడుగు అన్నావంట. ఫోన్లో చెప్తే సగం నీకు వినపడదు, మిగతా సగం బుజ్జిది ఫోన్ లాక్కుంటది, అందుకని మీ మామని భోజనం పెట్టుకుని తినమని చెప్పి కూర్చుని రాస్తుండా. పెద్దగానే ఉంటది, ఓపిగ్గా చదువు.

ముందు నా మాట చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. సగం సగం వద్దు. పారిస్ ది ఇల్లు, మారిషస్ ది విడిది. పారిస్ లో ఎనిమిది నెలలు, మారిషస్ లో నాలుగు నెలలు, అంతకి మించొద్దు. సగం సగం పెట్టుకున్న వాళ్ళని శానా మందిని చూశా, రెండు చోట్లా పోపుల డబ్బా ఉంటది, రెండు చోట్లా అందులో ఆవాలు నిండుకుని ఉంటాయి, కావాల్సిన సర్టిఫికెట్ ఏమో ఎప్పుడూ ఇంకో ఇంట్లో ఉంటది. ఏ ఊళ్ళోనూ కుదురుగా ఉండరు, ఎప్పుడు చూసినా సూట్‌కేస్ సగం సర్దే ఉంటది.

ఎనిమిది అని ఊరికే అనలా. మీరు పారిస్ లో అద్దెకుండేది సొంత నివాసం కింద రాసిన అగ్రిమెంట్ అయితే, ఫ్రాన్స్ లో 1989 నాటి అద్దె చట్టం ప్రకారం ఆ ఇంట్లో సంవత్సరానికి కనీసం 8 నెలలు ఉండాలి. ఉద్యోగం పని, ఆరోగ్యం లాంటి వాటికి మినహాయింపు ఉంది కానీ అల్లుడి ఆఫీసు నుంచి దానికి కాగితం చేతిలో ఉండాలి, నోటి మాట చెల్లదు. మేము లేనప్పుడు ఎవరికన్నా ఇచ్చి పోతాం, అద్దె కలిసొస్తది అని నీకు ఆలోచన వస్తది, తెలుసు నాకు. ఓనర్ రాసి ఇస్తే తప్ప ఆ పని చెయ్యమాక. ఇంటి ఇన్సూరెన్స్ కూడా ఒకసారి తీసి చదువు, ఇల్లు ఇన్ని రోజులకి మించి ఖాళీగా ఉంటే దొంగతనానికి డబ్బులు రావు అని లోపల యాడో చిన్న అక్షరాల్లో ఉంటది.

ఇంక ట్యాక్స్. ఈడ జాగ్రత్తగా చదువు, అల్లుడికి కూడా చదివి వినిపించు. మారిషస్ లో 183 రోజులు ఉంటేనే ట్యాక్స్ అని అందరూ చెప్తారు, నిజమే, కానీ దాని పక్కనే ఇంకో రూల్ ఉంది, ఈ సంవత్సరమూ వెనక రెండు సంవత్సరాలూ కలిపి 270 రోజులు దాటితే కూడా వాళ్ళ లెక్కలో నువ్వు ఆ దేశంలో ఉన్నట్టే. ఏడాదికి నాలుగు నెలలంటే 120 రోజులు వేసుకో, మూడేళ్ళకి 360. అంటే నేను చెప్పిన నాలుగు నెలలకి కూడా మూడో ఏడు వచ్చేసరికి తగులుకుంటది. తగులుకుంటే తప్పేం కాదు, ఫ్రాన్స్ కీ మారిషస్ కీ మధ్య డబుల్ ట్యాక్స్ ఒప్పందం ఉంది, ఒకే జీతం మీద రెండు సార్లు కట్టకుండా అది కాపాడతది, కానీ నీ అసలు ఇల్లు ఏదీ అని అప్పుడు అడుగుతారు, సగం సగం ఉన్నవాళ్ళు ఆ ప్రశ్న దగ్గరే నీళ్ళు నములుతారు. ఎనిమిది నెలలు పారిస్ లో ఉండి, అగ్రిమెంటూ కరెంటు బిల్లూ బుజ్జిదాని క్రెష్ రసీదులూ అన్నీ ఆడే ఉంటే నీకు చెప్పుకోడానికి ఇబ్బంది ఉండదు. మొదటి ఏడే ఒక మంచి అకౌంటెంట్ కి డబ్బులిచ్చి చూపించుకోండి, అది దండగ ఖర్చు కాదు.

రోజులు లెక్కపెట్టేటప్పుడు ఒక తిరకాసు ఉంది. ఫ్రాన్స్ ది జనవరి నుంచి డిసెంబర్, మారిషస్ ది జులై 1 నుంచి జూన్ 30, మనది ఏప్రిల్ నుంచి మార్చి. ఒకే క్యాలెండర్ మీద మూడు రంగుల పెన్నులు పెట్టి గుర్తులు పెట్టుకో, బోర్డింగ్ పాసులు పారెయ్యమాక. ఇంకోటి, ఫ్రాన్స్ లో ఏటా ట్యాక్స్ కాగితాలు పెట్టేటప్పుడు బయటి దేశాల్లో ఉన్న బ్యాంకు అకౌంట్లన్నీ 3916 ఫారంలో చూపించాలి. మారిషస్ లో తెరిచేది ఒక్కటే కాదు, నెల్లూరులో నీ పేరు మీద ఉన్నది కూడా. అందులో ఉండేది వెయ్యి రూపాయలే గదా అని వదిలేస్తారు, చూపించకపోతే ఒక్కో అకౌంట్ కి 1500 యూరోల దాకా ఫైన్. నెల్లూరు అకౌంట్ పెళ్ళికి ముందు తెరిచింది గదా, ఇంకా మామూలు సేవింగ్స్ గానే ఉంటే ఈసారి వచ్చినప్పుడు ఎన్నారో, అంటే బయటి దేశాల్లో ఉండే వాళ్ళ అకౌంట్ కింద మార్పించు.

నువ్వు ఇంటి నుంచి పనిచేస్తావు గాబట్టి ఎక్కడైనా ఒకటే అనుకోమాక. మారిషస్ కి టూరిస్టు మాదిరి పొయ్యి నెలల తరబడి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చోడం పద్ధతి కాదు. జీతం బయటి దేశం నుంచి వచ్చే వాళ్ళకి ప్రీమియం వీసా అని ఏడాదికి ఇచ్చేది ఒకటి 2020 నుంచి ఉంది, దాని మీద ఆ ఊరి కంపెనీలకి పని చెయ్యకూడదు, నీకెట్టా అవసరం లేదు గదా. మీ హెచ్ఆర్ దగ్గర కూడా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని మెయిల్ మీద పర్మిషన్ తీసుకో. రెసిడెన్స్ కార్డు ఎప్పుడు అయిపోతదో చూసుకో, రెన్యువల్ కి ముగిసే ముందు 4 నెలల నుంచి 2 నెలల లోపల పెట్టాలి, ఆ రోజుల్లో పారిస్ వదలొద్దు, ఏ కాగితం ఎప్పుడు అడుగుతారో తెలీదు.

ఇప్పుడు ఏ నాలుగు నెలలు అనేది. అందరూ చేసేది ఒకటే, పారిస్ లో చలి రాంగానే డిసెంబర్ లో విమానం ఎక్కుతారు. టికెట్లు ఆకాశంలో ఉంటాయి, దిగేది ఏమో ఉక్కపోతలోకి, పైగా తుఫానుల్లోకి. మారిషస్ మనకి తిరగబడి ఉంటది, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వాళ్ళకి ఎండాకాలం, జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్లు ఎక్కువ. నేను కావలి పిల్లని, 1989 నవంబర్ లో తుఫాన్ మా ఊరి దగ్గరే తీరం దాటింది, రేకులు కాగితాల మాదిరి ఎగిరిపోయిన రాత్రి చూసినదాన్ని, నాకు గాలంటే చులకన లేదు. అక్కడ వాళ్ళకి మంచి పద్ధతి ఉంది, క్లాస్ 1 నుంచి 4 దాకా హెచ్చరికలు ఇస్తారు, క్లాస్ 1 అనంగానే నీళ్ళు పట్టుకో, బియ్యం, పప్పు, టార్చి బ్యాటరీలు, బుజ్జిదానికి పాలపొడి చూసుకో, క్లాస్ 3 అంటే బస్సులుండవు అంగళ్ళుండవు, గుమ్మం దాటకూడదు. 1960 లో కరోల్ తుఫాన్ కొట్టిన తర్వాత జనం కాంక్రీటు ఇళ్ళకి మారారు గాబట్టి ఇంట్లో ఉంటే భయం లేదు. భయమంతా వరద నీళ్ళతోనే, 2024 జనవరిలో బెలాల్ తుఫాన్ వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ లూయీ రోడ్ల మీద కార్లు తేలినాయి. పల్లంలో ఇల్లు తీసుకోవద్దు, ఇది గుర్తు పెట్టుకో.

అందుకని నా లెక్క ఇట్టా. మే, జూన్ రెండు నెలలు, మళ్ళీ సెప్టెంబర్ ఆఖరు నుంచి నవంబర్ ఆఖరు దాకా రెండు నెలలు. హాయిగా ఉంటది, టికెట్లూ కాస్త నేల మీద ఉంటాయి. అల్లుడి ఆఫీసు వాళ్ళు ఇంకో నెల ఎక్కువ కావాలంటే అల్లుణ్ణి ఒక్కణ్ణే పొమ్మను. మరి పారిస్ చలి ఎట్టా అంటావు, చలికేం కాదు, కోటు వేసుకుంటాం, ఆ చీకటే మనిషిని తినేది. డిసెంబర్ లో పొద్దన ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం ఐదుకి మళ్ళీ చీకటి. డాక్టర్ ని అడిగి విటమిన్ డి వేసుకో, మధ్యాహ్నం భోజనం అవగానే ఎంత పనున్నా బుజ్జిదాన్ని తీసుకుని అరగంట బయట తిరుగు. ఫ్రాన్స్ లో చట్ట ప్రకారం 5 వారాలు జీతంతో సెలవు ఉంది గదా, దాంట్లో ఒక్క రోజు కూడా మారిషస్ బీచ్ మీద ఖర్చు పెట్టమాక, ఆడ మీరు ఎట్టాగూ పని చేస్తా ఉండేదే, శని ఆదివారాలు చాలు సముద్రానికి. ఆ సెలవంతా జనవరిలో నెల్లూరుకి పెట్టు, అప్పుడు పారిస్ రోజులు ఎనిమిది నెలలకి తగ్గుతాయి గాబట్టి అల్లుడి ఆఫీసు కాగితం మర్చిపోమాక. సంక్రాంతికి ఊరు ఎంత బాగుంటదో నీకు చెప్పేది ఏముంది, చీకటి కూడా మధ్యలో తెగినట్టు ఉంటది. మీరు రెండు ఊళ్ళే లెక్కేసుకున్నారు, మీ నాన్న మోకాళ్ళు మూడో ఊరు, ఆ నొప్పులు ఈ ఏడు ఇంకా ఎక్కువైనాయి, మీ అమ్మ నీకు చెప్పదు.

ఇల్లు యాడ తీసుకోవాలంటే, ఫొటోల్లో సముద్రం చూసి గ్రాండ్ బే అనొద్దు, ఎబెన్ కి రోజూ తిరగాలంటే ట్రాఫిక్ లో నడుం పడిపోతది. కాత్ర్ బోర్న్ గానీ రోజ్ హిల్ గానీ చూడండి, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఉంది, కూరగాయల సంత ఉంది. క్యూర్‌పీప్ ఎత్తులో ఉంటది, చల్లగా ఉంటది గానీ వానలు ఎక్కువ, ఆడ బట్టలు ఆరవు. పెట్టెలో పెట్టిన పట్టు చీర రెండు నెలల తర్వాత తీస్తే మడతల మీద తెల్లగా బూజు, జరీ నల్లబడి ఉంటది, తోలు చెప్పులైతే పచ్చగా నాచు పట్టినట్టు. పట్టు చీరలు విడిదికి తేవద్దు, కాటన్ చాలు. వెళ్ళేటప్పుడు బీరువా తలుపులు తెరిచే పెట్టు, పక్కింటి వాళ్ళకి తాళం ఇచ్చి వారానికి ఒకసారి కిటికీలు తియ్యమను.

పారిస్ ఇంటికి ఇంకో రకం. రెండు నెలలు తాళం వేసి వచ్చి తలుపు తీస్తే ఇల్లంతా మురికి కాలవ కంపు కొడతది, ఎలకేదో చచ్చిందని వెతుక్కుంటారు. అదేం కాదు, సింకు కిందా బాత్రూం జాలీ కిందా వంపు గొట్టంలో ఉండే నీళ్ళు ఎండిపోయి లోపలి గాలి పైకి వస్తది. బయల్దేరే రోజు అన్ని జాలీల్లో ఒక చెంబు నీళ్ళు పోసి, మీద రెండు స్పూన్లు వంట నూనె పొయ్యి. నూనె మూత మాదిరి తేలి నీళ్ళు ఆవిరి కాకుండా ఆపతది. మెయిన్ ట్యాపు కట్టెయ్యి.

తిండికి ఇబ్బంది లేదు. పారిస్ లో లా షపెల్ వైపు శ్రీలంక తమిళుల అంగళ్ళు నీకు తెలిసినవే, గోంగూర, మునక్కాయ అన్నీ దొరుకుతాయి. మారిషస్ సంతలో మునగాకు కట్టలు కట్టి అమ్ముతారు, చింతపండు ఉంది, చేపలకి కొదవ లేదు, మన చేపల పులుసు అచ్చం మన మాదిరే కుదురుతది, మామిడికాయ మాత్రం దాని కాలంలోనే దొరుకుతది. నెల్లూరు నుంచి గానీ మారిషస్ నుంచి గానీ పారిస్ కి పొయ్యేటప్పుడు నెయ్యి, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టుకోవద్దు, మాంసం పాలు కలిసినవి యూరప్ లోకి రానియ్యరు, కస్టమ్స్ లో తీసి చెత్తబుట్టలో వేస్తే మీ అమ్మ చేత్తో చేసింది గదా అని ఏడుపొస్తది. చేపల పచ్చడి, ఎండు చేపలు 20 కిలోల దాకా పర్లేదు. పచ్చి కరివేపాకు కూడా పట్టుకుంటారు.

మనుషుల సంగతి. మారిషస్ లో మన తెలుగు వాళ్ళు ఉండారు, తాత ముత్తాతల కాలంలో చెరుకు తోటల్లో పనికి కోరంగి రేవు నుంచి పోయిన వాళ్ళ పిల్లలు. ఉగాది ఆ దేశంలో సర్కారు సెలవు, ఊరూరా గుళ్ళున్నాయి, రామ భజనలు పాడతారు. ఇంట్లో శానా మంది క్రియోల్ మాట్లాడతారు, తెలుగు పాటల్లో పూజల్లో ఉంటది. నువ్వు పొయ్యి వాళ్ళ ఉచ్చారణ దిద్దబోకు, కొత్తగా మన దేశం నుంచి వచ్చిన వాళ్ళు చేసే పెద్ద పొరపాటు అదే, నూట యాభై ఏళ్ళ పైన నిలబెట్టుకున్నారు వాళ్ళు, మనం పదేళ్ళకే పిల్లలకి మర్చిపోనిస్తుండాం. గుడికి పో, పులిహోర చేసుకుని పో, భజనకి కూర్చో. అట్టా పరిచయమైన వాళ్ళే నీకు రేపు కిటికీలు తీసేది.

రెండు చోట్లా ఒక బాధ మాత్రం ఉంటది, వాళ్ళు ఊళ్ళో ఉండరులే అని పుట్టినరోజులకీ వ్రతాలకీ పిలవడం మానేస్తారు, వాళ్ళ తప్పు కాదు. జనవరిలోనే నీ తేదీలు అందరికీ వాట్సాప్ పెట్టెయ్యి, మే 1 నుంచి లేము, జులై మొదట్లో వస్తాం అని. తేదీ తెలిస్తే పిలుస్తారు.

బుజ్జిది ఇప్పుడు ఏడాదిన్నర గదా. ఫ్రాన్స్ లో 3 ఏళ్ళు నిండితే బడి తప్పనిసరి, 2019 నుంచి. కాబట్టి ఈ తిరుగుడంతా మీకు ఉండేది ఏడాదిన్నర, రెండేళ్ళు, ఆ తర్వాత సెలవుల్లోనే. మారిషస్ లో ఫ్రెంచ్ సిలబస్ బడులున్నాయి, క్యూర్‌పీప్ లో లా బూర్దొనె అని పేరున్నది కూడా, కానీ సంవత్సరంలో రెండు బళ్ళు మార్చడం పసిదానికి వద్దు. ఆ లెక్కన ఎబెన్ ఇంటికి మూడేళ్ళ అగ్రిమెంట్ అని బ్రోకర్ ఒత్తిడి పెడితే ఒప్పుకోమాక, ఏడాదికే తీసుకో, ఫర్నిచర్ ఉన్నదే తీసుకో, మంచాలూ బీరువాలూ కొనబోకు.

ఇంకోటి మర్చిపోయా, మీ నాన్న కోవూరు దగ్గర చేను నీ పేరుతో కొందామంటుండాడు. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. నేను చెప్తే వినడంలా, ఆడపిల్ల మాట గదా, అల్లుడి చేత చెప్పించు. పాత ఇంటి సంతకాలకి పవర్ ఆఫ్ అటార్నీ పంపేట్టయితే పారిస్ ఎంబసీలో గానీ పోర్ట్ లూయీ హైకమిషన్ లో గానీ అటెస్ట్ చేయించు, మన చేతికి వచ్చిన 3 నెలల లోపల ఈడ స్టాంపు వేయించాలి, ఆ పని మీ మామ చూసుకుంటాడు.

అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు దాని ఫొటోలు నాకు పంపు. మారిషస్ టైం మనకంటే గంటన్నరే వెనక గాబట్టి అల్లుడు ఆఫీసు అయినాక ఎప్పుడన్నా చెయ్యొచ్చు, పారిస్ నుంచి అయితే మీకు మధ్యాహ్నం లోపల చెయ్యి, మేము తొమ్మిదిన్నరకి పడుకుంటాం.

మీ అత్త
నెల్లూరు