పెట్టెలు తోసే ఆట చేస్తున్నావట, ముందు మూలలో ఇరుక్కునే పెట్టె సంగతి చూడు

ఒరేయ్ నానీ,

నువ్వు సొంతంగా పెట్టెలు తోసే ఆట చేస్తున్నావని, దాంట్లో లాగడం, ఐసు మీద జారడం, బాంబులు, టెలిపోర్టు అన్నీ పెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు, ఎంత సంతోషమేసిందో రా, డాస్ కంప్యూటర్ల రోజుల నుంచి నేను వదలకుండా ఆడేది ఈ ఒక్క రకం ఆటే, అందుకే నాకు తెలిసింది రాస్తున్నా.

అన్నీ ఒకేసారి పెట్టకు. ఒక్క రూలు మార్చు, మార్చాక మూలలో పడ్డ పెట్టె ఏమవుతుందో చూడు.

ఎందుకంటే ఈ రకం ఆటలకి మొదలైన సోకోబాన్, అదే హిరోయుకి ఇమబయాషి తయారుచేస్తే 1982లో జపాన్‌లో థింకింగ్ రాబిట్ అనే కంపెనీ వాళ్ళు రిలీజ్ చేసింది, దాంట్లో ఉన్నదే ఇంత: పెట్టెలన్నిటినీ గుర్తు పెట్టిన గళ్ళలోకి చేర్చాలి, తోయొచ్చు, లాగలేవు, ఒకసారికి ఒక్కటే పెట్టె. మూలకి పోయింది ఇక రాదు. గోడకి ఆనుకుని రెండు పక్కపక్కన చేరితే అవీ కదలవు. ఈ కాస్త రూల్స్‌తోనే అది కంప్యూటర్లకి కూడా ఎంత కష్టమో 1997లో జోసెఫ్ కల్బర్సన్ అనే ఆయన నిరూపించాడు, అలాంటి మహా కష్టమైన లెక్కల్ని కంప్యూటర్ వాళ్ళు పీస్పేస్-కంప్లీట్ అంటారు. ఒక్క తోపు తప్పితే లెవెలే పోతుందన్న ఆ భయం వల్లే మనం తోసే ముందు ఆగి ఆలోచిస్తాం.

ఇప్పుడు నువ్వు లాగడం పెట్టావనుకో, మూలలోంచి పెట్టె బయటికొచ్చేస్తుంది, భయం పోయింది, మరి దాని బదులు ఏం పెట్టావు? అది ఆలోచించలేదనుకుంటా. జారుడు పెడితే వేరే కథ, మధ్యలో పెట్టె ఆగదు కాబట్టి గోడలూ మూలలూ అడ్డం ఉన్న ఇంకో పెట్టె కూడా అది ఆగే చోట్లు అవుతాయి, అది బావుంటుంది. 2019లో వచ్చిన బాబా ఈజ్ యూ అనే ఆట చూడు, రూల్స్‌లోని మాటలే తోసే దిమ్మెలు, మనం విడదీయకూడదని తను అనుకున్న రూల్ని చాలా లెవెల్స్‌లో తీసుకెళ్ళి మూలలో పెట్టేశాడు ఆ ఆట చేసిన ఆర్వి టెయికారి, ఎటు నుంచి తోసినా కదలదు! ప్యాట్రిక్స్ పారాబాక్స్ అనే ఇంకో ఆటలో అయితే కదలని పెట్టెని తోస్తే, దానికి ఆ వైపు దారి ఉంటే, నువ్వే దాని లోపలికి వెళ్ళిపోతావు, అంటే ఇరుక్కున్న పెట్టె తలుపైపోయింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది ఆ ఐడియాకి.

లెవెల్ కట్టేటప్పుడు వెనక నుంచి కట్టు. పెట్టెలన్నీ చేరాల్సిన గళ్ళలోనే పెట్టి, అక్కడి నుంచి ఒక్కోటి లాక్కుంటూ బయటికి తీసుకురా, అవి ఆగిన చోటే ఆటగాడికి మొదలు. అలా చేస్తే అది తేలే లెవెలే అవుతుంది, డౌటుండదు. కానీ ఇది మామూలు తోపుకే, జారుడుకి ఇంత సులువుగా కుదరదు. సైజు చిన్నగా ఉంచు. డేవిడ్ స్కిన్నర్ చేసిన మైక్రోబాన్ అనే సోకోబాన్ లెవెల్స్ సెట్‌లో 155 లెవెల్స్ ఉంటాయి, చాలా వాటిల్లో రెండు మూడు పెట్టెలే, ఒక్కోదాంట్లో ఒక్క కిటుకు, ముందు అవి ఆడు.

కోడింగ్‌కి పజిల్‌స్క్రిప్ట్ అనే పజిల్ ఆటలు చేసే టూల్ చాలు, ఫ్రీ, బ్రౌజర్లోనే నడుస్తుంది, తోసే రూలు ఒక్క లైను. అన్‌డూ, అదే తోసింది వెనక్కి తీసుకోవడం, మాత్రం ఎన్నిసార్లైనా ఉండనీ.

అయ్యాక మీ అమ్మకిచ్చి పక్కన కూర్చో, నోరెత్తకు, ఎక్కడ అన్‌డూ నొక్కుతుందో రాసుకో. బాంబులు పక్కన పెట్టి జారుడు ఒక్కటే ఉన్న లెవెల్ ఒకటి నాకూ పంపు, ఆదివారం ఆడతా, ఇరుక్కున్న చోట ఫొటో తీసి పంపిస్తా.

మీ బాబాయ్