గొంతు ఇచ్చేయమంటున్నారు.. సంతకం పెట్టనా?

ప్రశ్న: నా వయసు 34. సినిమా పాటలకు ట్రాక్ (అసలు గాయకులు పాడేముందు నమూనాగా పాడే పాట) పాడటం, కోరస్, ప్రకటనల జింగిల్స్.. పదేళ్లకు పైగా ఇదే నా ఉపాధి. ఏడాదిన్నరగా ఫోన్లు బాగా తగ్గిపోయాయి. సంగీత దర్శకులు ట్రాక్ తామే పాడేసుకుని, ఏఐతో దాన్ని ఆడగొంతుగా మార్చేసుకుంటున్నారు. ఈమధ్య ఓ స్టూడియో వాళ్లు ‘రెండు రోజులు వచ్చి గొంతు రికార్డింగ్ ఇవ్వండి, ఏఐ మోడల్ చేసుకుంటాం, ఒకేసారి డబ్బిచ్చేస్తాం’ అన్నారు. ‘ఎలాగూ పని లేదు, వచ్చే డబ్బు ఎందుకు వదులుకోవడం? ఆ తర్వాత ఏదైనా ఉద్యోగం చూసుకో’ అంటారు మావారు. రోజూ ఇదే గొడవ. మొన్న మా ఎనిమిదేళ్ల పాప నా పాత పాటల కాగితాలు తీసింది. ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో పెట్టుకున్న గీతలు చూపించి ‘ఇవేంటమ్మా, నాకూ నేర్పవా’ అంది. ‘పాటా వద్దు, పాడూ వద్దు’ అని కసిరాను. అది మళ్లీ అడగలేదు. నేనూ ఇంట్లో కూనిరాగం తీసి రెండు నెలలైంది. సంతకం పెట్టేయమంటారా?
- ఓ సోదరి

జవాబు: ముందు స్టూడియో వాళ్లు సంతకం పెట్టమంటున్న కాగితం సంగతి చూద్దాం. ఇప్పుడే సంతకం పెట్టకండి. మామూలు రికార్డింగ్‌కి వెళ్తే మీరు ఒక పాట పాడి వస్తారు, అంతటితో సరి. మోడల్‌కి గొంతు ఇచ్చేస్తే మీరు ఎన్నడూ చూడని పాటలు, మీకు రాని భాషలు, మీకు ఇష్టం లేని మాటలు కూడా మీ గొంతుతోనే పలికించొచ్చు. రేపు మీకు రావాల్సిన జింగిల్‌కి ఆ మోడలే పోటీకి వస్తుంది. అలాంటిదానికి రెండు రోజుల కూలి లెక్కన ధర కట్టడం అన్యాయం.

గొంతు ఇవ్వడమే తప్పని నేననను. 2024లో ఏఆర్ రెహమాన్, కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఏఐ సాయంతో ఓ పాటలో వినిపించారు. వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని ఆయనే చెప్పారు. అదే ఏడాది జులైలో, అనుమతి లేకుండా తన గొంతును ఏఐతో తయారుచేస్తున్నారని అరిజిత్ సింగ్ కోర్టుకెళ్తే బాంబే హైకోర్టు ఆయనకు అండగా మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. కానీ ఆయన గొంతు కోట్లమంది గుర్తుపట్టేది. ట్రాక్ పాడేవాళ్ల గొంతు ఎవరిదో వినేవాళ్లకు తెలియదు. అందుకే మీకు ఒప్పందమే ముందు రక్షణ.

కాగితం చదివేటప్పుడు కొన్ని విషయాలు వెతకండి. ఏ పనికి వాడతారు, ఎన్నేళ్లు వాడతారు, వేరేవాళ్లకు అమ్ముకుంటారా, వాడిన ప్రతిసారీ మీకు ఎంత వస్తుంది, గడువు తీరాక మోడల్‌ని చెరిపేస్తారా, ఎన్నికల ప్రచారానికో అసభ్యమైన పాటకో వాడకుండా ఆపే హక్కు మీకుందా.. ఇవన్నీ రాతలో ఉండాలి. నోటిమాటగా ‘చూసుకుందాంలే అమ్మా’ అంటే ఒప్పుకోవద్దు. ‘అన్ని అవసరాలకూ, శాశ్వతంగా’ అన్న ముక్క ఉంటే మాత్రం ఎంతిచ్చినా వద్దనే నా సలహా. కాపీరైట్ వ్యవహారాలు తెలిసిన లాయర్‌కి చూపించండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇక పని గురించి. మీకు ఉత్తుత్తి ధైర్యం చెప్పలేను. ట్రాక్ పని మునుపటిలా తిరిగొస్తుందని అనుకోవద్దు. 1920ల చివర్లో మాట్లాడే సినిమాలు వచ్చాక, మూకీలకు థియేటర్లో కూర్చుని వాయించే వేలమంది వాద్యకారులు రోడ్డున పడ్డారు. అమెరికాలో వాళ్ల యూనియన్ పత్రికల్లో ప్రకటనలు వేసి మరీ పోరాడింది. ఆ కొలువులు తిరిగి రాలేదు. అయితే అదే యూనియన్ 1942లో రికార్డులకు వాయించబోమని సమ్మెకు దిగింది. రెండేళ్లకు పైగా సాగాక, అమ్ముడైన రికార్డుల మీద కొంత మొత్తం ఒక నిధికి కట్టడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. ఆ డబ్బుతో జనం ముందు కచేరీలు పెట్టించి వాద్యకారులకు జీతాలిచ్చారు. యంత్రాన్ని ఆపలేకపోయారు గానీ దాని రాబడిలో వాటా తెచ్చుకున్నారు. మీరూ మీతో పాడే కోరస్ వాళ్లూ కలిసి, గాయకుల సంఘం ద్వారా ఇలాంటి షరతులు అడగండి. ఒక్కరే వెళ్తే ‘ఇంకొకరిని చూసుకుంటాం’ అంటారు.

మీ దగ్గర ఉన్నది తక్కువేం కాదు. ఇన్నాళ్లూ మీ పోకడలు కనపడకుండా, తర్వాత పాడబోయేవాళ్లకు వీలుగా పాడారు. ఏఐ వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ చోటే. వినగానే పాట పట్టేయడం, ఏ అక్షరం దగ్గర నొక్కాలో, ఏ పదం విరిగిపోకుండా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియడం మాత్రం మీ దగ్గరే ఉంది. భాష రాని గాయకులకు పక్కన కూర్చుని ఉచ్చారణ దిద్దడం, కోరస్‌ని నడిపించడం, పెద్దవాళ్లకు గొంతు సాధన నేర్పడం లాంటి పనులకు ఇవే కావాలి. మిమ్మల్ని పిలిచే సంగీత దర్శకులకే ‘ఇవి కూడా చేస్తాను’ అని చెప్పి చూడండి. జనం ముందు పాడటానికి మీ సొంత తీరులో కొన్ని పాటలు తయారు చేసుకోవాలి. దానికి టైమ్ పడుతుంది. అందాకా సగం రోజు ఉద్యోగం చేసినా గాయని కాకుండా పోరు.

మీవారి మీద కోపం వచ్చి ఉంటుంది. ఆయన భయం ఇంటి ఖర్చుల గురించి, మీకు మాత్రం అది ‘నీ పాటకు విలువ లేదు’ అన్నట్టు వినిపిస్తోంది. ఈ రెండూ విడదీయకపోతే గొడవ ఆగదు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నరోజు ఆర్నెల్ల రాబడి, ఖర్చు కాగితం మీద వేయండి. ఎన్నాళ్లు ప్రయత్నించాలో, ఎంత తగ్గితే ఉద్యోగం వెతకాలో కలిసి తేల్చుకోండి. లాయర్ దగ్గరకి ఆయన్నీ తీసుకెళ్లండి. గొంతు మొత్తం ఇచ్చేయడమంటే ఏమిటో మీరు చెబితే వాదనవుతుంది, లాయర్ చెబితే వింటారు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రాసిన మాట. పాటే ప్రాణమైన మనిషి రెండు నెలలుగా కూనిరాగం కూడా తీయలేదంటే అది పని లేని దిగులుకు మించినది కావచ్చు. నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే ఆలస్యం చేయకుండా సైకాలజిస్ట్‌ని కలవండి.

పాప నేర్పమన్నది పాట. దాంతో రేపు బతుకుతెరువు దొరుకుతుందా లేదా అన్నది ఎనిమిదేళ్ల పిల్లకు పట్టని లెక్క. అమ్మకు పాటంటే కోపమని, తానేదో తప్పు అడిగానని అది అనుకుంటూ ఉంటుంది. దగ్గర కూర్చోబెట్టుకుని ‘పని దిగులుతో నిన్ను కసిరాను, తప్పు నాది’ అని చెప్పండి. ఆ గీతలు ఎందుకు పెట్టుకున్నారో అప్పుడే పాడి చూపించండి. ఇది మాత్రం లాయర్ కోసమో, మరో రికార్డింగ్ కోసమో ఆగాల్సిన పని కాదు, ఈ రోజే చేయండి.