ఇద్దరు ఆటగాళ్లకు పడకపోతే క్లబ్ ఒకరిని అమ్మేస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ ఫుట్‌బాల్ క్లబ్‌లో ఇద్దరు ఫార్వర్డ్‌లకు, అంటే గోల్ కొట్టే ముందు వరస ఆటగాళ్లకు, పడటం లేదట. పాస్ ఇవ్వలేదని ఒకరు చేతులు విసిరిన వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది. మీ స్నేహితులు రెండు వర్గాలుగా చీలిపోయారు. క్లబ్బులు ఆటగాళ్లను కొని అమ్ముకునే వచ్చే ట్రాన్స్‌ఫర్ విండోలో ఒకరిని అమ్మేస్తారా, అమ్మితే ఎవరిని?

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. ఇలాంటి ప్రశ్న మీదే మా ఇంట్లో ఒక వేసవి మొత్తం గడిచింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

2006 జులై 1. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, ఇంగ్లండ్, పోర్చుగల్ మధ్య. ఇంగ్లండ్ ఆటగాడు రూనీ పోర్చుగల్ డిఫెండర్ కార్వాల్యోను తొక్కాడని రెఫరీ రెడ్ కార్డ్ చూపించి బయటికి పంపాడు. అంతకు ముందు క్షణమే పోర్చుగల్ ఆటగాడు రొనాల్డో పరిగెత్తుకొచ్చి రెఫరీతో ఏదో అన్నాడు. రూనీ బయటికి నడుస్తుంటే రొనాల్డో తన బెంచ్ వైపు చూసి కన్ను కొట్టడం కెమెరాకు దొరికింది. ఒకడికి 20 ఏళ్లు, ఇంకొకడికి 21. ఇద్దరూ మా క్లబ్ వాళ్లే. నెల తిరిగేసరికి ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోవాలి.

మా అన్నయ్య రూనీ మనిషి, నేను రొనాల్డో మనిషిని. మా గది గోడ మీద ఇద్దరూ పక్కపక్కన ఉన్న పోస్టర్ ఒకటి ఉండేది. మర్నాడు పొద్దున లేచి చూస్తే అన్నయ్య దాన్ని తీసి, సరిగ్గా సగానికి మడిచి, రొనాల్డో సగం గోడ వైపు పోయేలా మళ్లీ అంటించాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. రొనాల్డో ఇక ఇంగ్లండ్‌లో ఉండలేడని ఇద్దరమూ గట్టిగా నమ్మాం. నాకు అది బాధ, వాడికి అది న్యాయం.

జట్టును నడిపే మా మేనేజర్ ఫెర్గూసన్ పోర్చుగల్ వెళ్లి రొనాల్డోతో కూర్చుని మాట్లాడి ఒప్పించాడు. ఆగస్టు 20న సీజన్ మొదటి మ్యాచ్, ఫుల్హమ్ మీద. 5-1తో గెలిచాం. రూనీ రెండు గోల్స్ కొట్టాడు, రొనాల్డో ఒకటి. ఆ సీజన్ ముగిసేసరికి అన్ని పోటీలూ కలిపి ఇద్దరికీ చెరో 23 గోల్స్. నాలుగేళ్ల తర్వాత లీగ్ మళ్లీ మా చేతికొచ్చింది, మరుసటి ఏడాది లీగ్‌తో పాటు యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ కూడా. ఫుల్హమ్ మ్యాచ్ అయిన రాత్రి అన్నయ్య ఏమీ మాట్లాడకుండా పోస్టర్ మడత విప్పేశాడు. ఇద్దరి మధ్యా తెల్లటి గీత మాత్రం అలాగే ఉండిపోయింది.

అయితే ఆ వేసవిలో క్లబ్ వదిలి వెళ్లినవాడు ఒకడున్నాడు. మా కళ్లన్నీ ఈ ఇద్దరి మీదే ఉండటంతో అతని సంగతి మేం సరిగా పట్టించుకోలేదు. మా ఫార్వర్డ్ వాన్ నిస్టల్‌రాయ్. యునైటెడ్‌కి 219 మ్యాచ్‌ల్లో 150 గోల్స్ కొట్టిన మనిషి. ఫిబ్రవరిలో లీగ్ కప్ ఫైనల్‌లో జట్టు 4-0తో గెలుస్తుంటే అతను ఆసాంతం బెంచ్ మీదే కూర్చున్నాడు. మే 7న సీజన్ ఆఖరి మ్యాచ్‌కి జట్టులో చోటు లేదని తెలిసి, ఆట మొదలవకముందే స్టేడియం వదిలి వెళ్లిపోయాడు. రొనాల్డోతో ప్రాక్టీస్‌లో గొడవ పడ్డాడని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు, అది నిజమే. కానీ అతను వెళ్లింది ఆ గొడవ వల్ల అని నేననుకోను. మేనేజర్‌కి అతని మీద మనసు విరిగింది, పైగా వయసు ముప్పై. రొనాల్డో కన్ను కొట్టిన రోజే అతని ముప్పయ్యో పుట్టినరోజు. జులై చివరికి రియల్ మాడ్రిడ్ చేరాడు, వెళ్లిన మొదటి సీజన్‌లోనే 25 గోల్స్‌తో స్పెయిన్ లీగ్‌లో టాప్ స్కోరర్ అయ్యాడు.

మీ ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే. గొడవ ఎంత పెద్దదని కాదు, ఎవరి మధ్య అని చూడండి. ఇద్దరు ఆటగాళ్ల మధ్య అయితే చాలావరకు సర్దుకుంటుంది, సర్దుకోకపోయినా ఆట నడుస్తుంది. ఆటగాడికీ మేనేజర్‌కీ మధ్య అయితే ఎవరో ఒకరు వెళ్లక తప్పదు, ఎక్కువసార్లు వెళ్లేది ఆటగాడే.

ఇది టీవీ చూసి మాత్రమే అంటున్న మాట కాదు. కాలేజీ జట్టులో నేను లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు డిఫెండర్. నా ముందు ఆడే లెఫ్ట్ వింగర్‌కీ నాకూ ఒక సీజన్ మొత్తం మాటల్లేవు. ఒక సెమీఫైనల్‌లో నేను వెనక్కిచ్చిన పాస్ తేలిపోయి గోల్ పడింది, వాడు అందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నాడు, నేనూ ఊరుకోలేదు. అక్కడి నుంచి ఎడమొహం పెడమొహం. వాడి వెనక ప్రత్యర్థి ఉంటే నేను పేరు పెట్టి పిలిచేవాణ్ణి కాదు, "వెనక మనిషి!" అని గాల్లోకి అరిచేవాణ్ణి. వాడు తిరిగి చూడకుండానే బంతి పక్కకు నెట్టేసేవాడు. నేను లైన్ పక్కనుంచి పైకి పరిగెడుతుంటే నా బూట్ల చప్పుడు విని, తలెత్తకుండా బంతి సరిగ్గా నా అడుగు ముందుకే వేసేవాడు. ఆ సీజన్‌లో మా జట్టు గోల్స్‌లో ఎక్కువ భాగం మా వైపు నుంచే వచ్చాయి.

అదే జట్టులో ఇంకొకడు ఉండేవాడు. మిడ్‌ఫీల్డర్, ఎవరితోనూ ఒక్క మాట తేడా లేదు, అందరికీ ఇష్టుడు. కోచ్ వాణ్ణి వరసగా మూడు మ్యాచ్‌లు కూర్చోబెట్టాడు, కారణం చెప్పలేదు. నాలుగో మ్యాచ్‌లో దించాడు. వాడు పరిగెత్తాడు, పాస్‌లు ఇచ్చాడు, కానీ ఎప్పుడూ బంతి కోసం చెయ్యి ఎత్తేవాడు ఆ రోజు ఒక్కసారి కూడా ఎత్తలేదు. పక్క నుంచి చూస్తూ నాకు గుండె జారిపోయింది. సీజన్ మధ్యలోనే వేరే జట్టుకు వెళ్లిపోయాడు. మా మధ్య అరుపులు అందరూ విన్నారు. వాడి మౌనం ఎవరికీ వినబడలేదు.

పెద్ద క్లబ్బుల్లోకి వస్తే, మాటల్లేకుండా ఆడటానికి నాకు తెలిసి అన్నిటికంటే గొప్ప ఉదాహరణ ఇద్దరు ఫార్వర్డ్‌లు, ఆండీ కోల్, టెడ్డీ షెరింగమ్. 1995లో ఉరుగ్వే మీద కోల్ ఇంగ్లండ్‌కి మొదటి మ్యాచ్ ఆడాడు. బయటికి వస్తున్న షెరింగమ్ స్థానంలో దిగుతూ చేయి కలపబోతే, షెరింగమ్ పట్టించుకోకుండా వెళ్లిపోయాడు. రెండేళ్లకు ఆ షెరింగమ్ కోల్ ఆడుతున్న యునైటెడ్‌కే వచ్చాడు. తర్వాత ఒక మ్యాచ్‌లో గోల్ పడ్డప్పుడు తప్పు నీదంటే నీదని మాటా మాటా పెరిగి, ఇక మాట్లాడుకోవడమే మానేశారు. అలా నాలుగు సీజన్లు కలిసి ఉన్నారు. ఆ నాలుగింట్లో మూడు లీగ్ టైటిల్స్ వరసగా వచ్చాయి. 1999లో ప్రధానమైన మూడు కప్పులూ గెలిచిన ఏడాది కోల్ 24 గోల్స్ కొట్టాడు. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో జర్మనీ క్లబ్ బయర్న్ మీద ఆఖరి నిమిషాల్లో స్కోరు సమం చేసింది షెరింగమ్. ఇంత జరిగినా వాళ్లకు స్నేహం కుదరలేదు, కోల్ ఆ సంగతి తర్వాత తనే రాశాడు.

మాటలు మానడమే కాదు, ఒకరి మీద ఒకరు చేయి చేసుకున్నా పైన చెప్పింది చాలావరకు నిలబడుతుంది. 2005 ఏప్రిల్‌లో న్యూకాసిల్ సొంత మైదానంలో ఆస్టన్ విల్లా చేతిలో 3-0తో ఓడుతుండగా లీ బోయర్, కీరన్ డయ్యర్ మైదానం మధ్యలోనే కొట్టుకున్నారు. బంతి ఇవ్వడం లేదన్నదే బోయర్ ఫిర్యాదు. విడదీయడానికి ప్రత్యర్థి జట్టు ఆటగాడు గారెత్ బ్యారీ కూడా రావాల్సి వచ్చింది. ఇద్దరికీ రెడ్ కార్డ్. అంతకు ముందే ఇంకొకరు వెళ్లిపోయారు కాబట్టి జట్టు ఎనిమిది మందితో మిగిలింది. వీళ్లిద్దరూ ఇక జన్మలో ఒక జట్టులో ఆడరనే ఎవరైనా అనుకుంటారు. కానీ మరుసటి సీజన్ ఇద్దరూ న్యూకాసిల్‌లోనే ఉన్నారు. 2006లో బోయర్ వెస్ట్ హామ్ వెళ్లాడు. 2007లో డయ్యర్ కూడా అదే వెస్ట్ హామ్‌కి వెళ్లాడు!

మీ వీడియో లాంటిదే లివర్‌పూల్‌కీ ఒకటుంది. 2019 ఆగస్టు 31న బర్న్‌లీ మీద సలా పాస్ ఇవ్వలేదని మానే, బయటికి వచ్చాక కూడా బెంచ్ దగ్గర చేతులు ఊపుతూ అరుస్తూనే ఉన్నాడు. ఆ మ్యాచ్ 3-0తో గెలిచారు. ఆ సీజన్‌లో 99 పాయింట్లతో 30 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచారు. మానే ఆ తర్వాత ఇంకా రెండు సీజన్లు అక్కడే ఉన్నాడు. అయితే ఇదే మానే బయర్న్ వెళ్లాక, 2023 ఏప్రిల్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో 3-0తో ఓడిన రాత్రి డ్రెస్సింగ్ రూమ్‌లో లెరాయ్ సానేను కొట్టాడు. ఆ వేసవిలోనే అతన్ని సౌదీ క్లబ్‌కి పంపేశారు. నేను చెప్పినదానికి ఇది ఎదురు ఉదాహరణ, దాచను. కానీ ఆ సీజన్‌లో అతను గాయంతో నెలల తరబడి ఆడలేదు, జట్టులో చోటు ఖాయంగా లేదు. అతనే జట్టుకు ప్రాణమై ఉంటే జరిమానాతో సరిపోయేదని నా నమ్మకం.

మేనేజర్‌తో చెడినవాళ్ల సంగతి మా క్లబ్‌లోనే కావాల్సినంత ఉంది. 2003 ఫిబ్రవరిలో ఫెర్గూసన్ తన్నిన బూటు ఎగిరొచ్చి బెక్‌హామ్ కనుబొమ్మ మీద తగిలింది. ఆ వేసవికి బెక్‌హామ్ మాడ్రిడ్‌లో ఉన్నాడు. 2005లో మా కెప్టెన్ రాయ్ కీన్ క్లబ్ టీవీకి ఇచ్చిన ఇంటర్వ్యూలో తోటి ఆటగాళ్లను కడిగేశాడు. చూడటానికి అది ఆటగాళ్ల మధ్య గొడవే, కానీ నిజంగా చెడింది ఫెర్గూసన్‌తో, వారాల్లో కెప్టెన్ వెళ్లిపోయాడు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. 2022 నవంబర్‌లో, అప్పటికి మా క్లబ్‌కి తిరిగొచ్చి ఉన్న రొనాల్డో ఇంటర్వ్యూలో మేనేజర్ అంటే గౌరవం లేదన్నాడు, రోజుల్లోనే కాంట్రాక్ట్ రద్దయింది. ఆ మాట అన్నది నా రొనాల్డోయే. అయినా ఆ రోజు నేను క్లబ్ పక్షమే.

ఇక మీ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది, అది లెక్కల పుస్తకం. ఒక ఆటగాణ్ణి 80 మిలియన్ పౌండ్లకు అయిదేళ్ల కాంట్రాక్ట్‌తో కొంటే, క్లబ్ ఆ ఖర్చును ఏడాదికి 16 మిలియన్ల చొప్పున రాసుకుంటుంది. మూడేళ్లకు ఇంకా 32 మిలియన్లు మిగిలి ఉంటాయి. అప్పుడు 30 మిలియన్లకు అమ్మితే పుస్తకాల్లో నష్టమే. అదే సొంత అకాడమీలో పెరిగిన కుర్రాణ్ణి అమ్మితే వచ్చిందంతా లాభం, ఎందుకంటే కొన్న ఖర్చే లేదు. ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్లకు 105 మిలియన్ పౌండ్లకు మించి నష్టం చూపించకూడదన్న నిబంధన నడిచిన కాలంలో ఈ తేడా చాలామంది జీవితాలను మార్చింది.

మిడ్‌ఫీల్డర్ మెక్‌టామినే చిన్నపిల్లాడిగా యునైటెడ్ అకాడమీకి వచ్చాడు. ఎవరితోనూ గొడవ లేదు, చెడ్డ మాట లేదు. 2024 ఆగస్టులో సుమారు 25 మిలియన్ పౌండ్లకు నపోలికి అమ్మేశారు. తొమ్మిది నెలల్లో నపోలి ఇటలీ లీగ్ గెలిచింది, అతను లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. టైటిల్ తేలిన ఆఖరి మ్యాచ్‌లో గాల్లోకి లేచి కొట్టిన గోల్ కూడా అతనిదే. దాన్ని చూసి సంతోషంతోనూ కోపంతోనూ నిద్రపట్టలేదు నాకు. మీవాళ్లిద్దరిలో అకాడమీ నుంచి వచ్చినవాడు ఎవరైనా ఉంటే, వీడియోలో చేతులు విసిరింది ఎవరన్నది పక్కన పెట్టి ముందు అతని గురించి ఆలోచించండి.

అందుకని మీరు ఆ పది సెకన్ల ముక్క వదిలేసి మొత్తం మ్యాచ్ మళ్లీ చూడండి. ఆ సంఘటన తర్వాత వాళ్లిద్దరి మధ్య పాస్‌లు నడిచాయా? గోల్ పడ్డప్పుడు రెండోవాడు ఎంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు? తర్వాతి మ్యాచ్‌లో ఇద్దరూ మొదటి పదకొండు మందిలో ఉన్నారా? ఒకడు వరసగా బెంచ్ మీద కనిపిస్తూ, మీడియా అడిగినప్పుడు మేనేజర్ అతని పేరు ఎత్తకుండా తప్పించుకుంటుంటే అప్పుడు కంగారు పడండి. కాంట్రాక్ట్ ఇంకా ఎన్నేళ్లుందో కూడా చూడండి. ఒక్క ఏడాదే మిగిలి, కొత్త సంతకం జరగకపోతే, ఇద్దరూ ప్రాణస్నేహితులైనా సరే క్లబ్ ఆ వేసవిలోనే బేరం పెడుతుంది. లేకపోతే మరుసటి ఏడాది అతను పైసా రాకుండా వెళ్లిపోతాడు కదా.

స్నేహితులు రెండు వర్గాలయ్యారన్నారు. వాళ్లతో మాటలు మాత్రం మానకండి. ఆ తొమ్మిది రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రొనాల్డో మొదటిసారి క్లబ్ వదిలింది 2009లో, 80 మిలియన్ పౌండ్లకు, అప్పటికి ప్రపంచ రికార్డు అది. రూనీతో ఏ తగువూ లేదు, చిన్నప్పటి నుంచీ కోరుకున్న క్లబ్ రియల్ మాడ్రిడ్ పిలిచింది, అంతే. ఆ కబురు వచ్చిన రోజు నాకు మొదట ఫోన్ చేసింది మా అన్నయ్యే. కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు. తర్వాత వాడే అన్నాడు, "ఇప్పుడు మన రూనీకి బంతి ఎవరిస్తార్రా?"